పాఠకుల ప్రశ్నలు: కొవ్వు అణువు చెబితే ఎంజైము ఎందుకు వింటుంది?

గత సంచికలో కణంపొర గురించి వేసిన వ్యాసం చదివి పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. క్లాసులో చెప్పేవాళ్ళు, ల్యాబులో పనిచేసేవాళ్ళు, ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ళు అందరూ రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: ఫాస్ఫోలిపిడ్లు కణానికి పైపొర అని పిల్లలకు చెబుతున్నాం. పై తరగతుల పుస్తకాలేమో వాటినే సంకేతాలు అంటున్నాయి. గోడలా ఉండే కొవ్వు ఎంజైమును ఎలా నడిపిస్తుంది? ఒక్క ఉదాహరణతో చెప్పండి. – జూనియర్ కాలేజీ అధ్యాపకురాలు, తెనాలి

ప్రొటీన్ కైనేజ్ సి, పొట్టిగా పీకేసీ. కైనేజ్ అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము; ఇది వేరే ప్రొటీన్లకు తగిలిస్తుంది. ఈ ఒక్క ఎంజైమును సరిగ్గా చెబితే చాలు, మిగతావి పిల్లలే అందుకుంటారు.

కణంపొర లోపలి వైపు పీఐపీ2 అనే ఫాస్ఫోలిపిడ్ ఉంటుంది. ఉండేది కొంచెమే, పొరలోని ఫాస్ఫోలిపిడ్లలో ఒక శాతం అటూ ఇటూ. బయట హార్మోను వచ్చి గ్రాహకానికి తగలగానే ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైము ఈ పీఐపీ2ను రెండు ముక్కలు చేస్తుంది. నీళ్ళలో కరిగే ముక్క ఐపీ3. అది సైటోప్లాజంలోకి జారిపోయి, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో దాచిన కాల్షియంను బయటికి వదిలిస్తుంది. కొవ్వు ముక్క పేరు డయాసిల్‌గ్లిసరాల్. ఇది నీళ్ళలోకి రాలేదు, పొరలోనే ఉండిపోతుంది.

ఇక పీకేసీ సంగతి. పని లేనప్పుడు ఇది సైటోప్లాజంలో ఉంటుంది. దాని సొంత గొలుసులోనే ఒక చిన్న భాగం, ఎంజైము ఫాస్ఫేట్ తగిలించాల్సిన వరసలాగే ఉంటుంది. తేడా ఒక్కటే: సెరిన్ ఉండాల్సిన చోట అలనిన్ ఉంటుంది. అలనిన్‌కు ఫాస్ఫేట్ తగిలించడం కుదరదు కాబట్టి ఆ భాగం క్రియాస్థానంలో దూరి అక్కడే ఇరుక్కుంటుంది. తన నోట్లో తనే వేలు పెట్టుకుని కూర్చున్నట్టు. కాల్షియం పెరగ్గానే పీకేసీలోని సీ2 అనే భాగం కాల్షియం సాయంతో పొర లోపలి వైపున్న ఫాస్ఫటిడిల్‌సెరిన్‌ను పట్టుకుంటుంది. పొర మీదికి చేరాక సీ1 అనే భాగం డయాసిల్‌గ్లిసరాల్‌ను వెతికి పట్టుకుంటుంది. రెండు చోట్లా పట్టు దొరికితేనే ఆ వేలు బయటికి వస్తుంది, ఎంజైము పని మొదలుపెడుతుంది.

డయాసిల్‌గ్లిసరాల్‌లో కొవ్వు ఆమ్లాలు 1, 2 స్థానాల్లో ఉండాలి. 1, 3 స్థానాల్లో ఉన్న దాన్ని పీకేసీ పట్టించుకోదు. అంటే ఏదో జిడ్డు తగిలినందుకు ఎంజైము మేలుకోవడం లేదు, అణువు ఆకారాన్ని గుర్తుపడుతోంది.

ఆపేది ఎవరు? డయాసిల్‌గ్లిసరాల్ కైనేజ్. అది ఒక ఫాస్ఫేట్ తగిలించి దాన్ని ఫాస్ఫటిడిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. ఈలోగా కాల్షియంను పంపులు వెనక్కి తోడేస్తాయి. నిమిషాల్లో కథ ముగుస్తుంది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో మొదలుపెట్టే బాణాలే ఉంటాయి, ఆపే బాణం ఉండదు. బోర్డు మీద దాన్ని తప్పక గీయండి. కొవ్వు సంకేతంలో ఎంత పుట్టింది అన్నదానికంటే ఎక్కడ పుట్టింది, ఎంతసేపు నిలిచింది అన్నవే కణం గతిని తేలుస్తాయి. కింద వచ్చే జవాబుల్లో చాలా వాటికి మూలం ఇదే.

చరిత్ర అడిగే పిల్లలుంటే: 1953లో లోవెల్ హోకిన్, మేబెల్ హోకిన్ దంపతులు పావురం క్లోమం ముక్కలకు అసిటైల్‌కోలిన్ ఇచ్చి చూస్తే, రేడియోధార్మిక భాస్వరం ఫాస్ఫోలిపిడ్లలోకి ఎక్కువగా చేరింది. అది ఎందుకో తేలడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. జపాన్‌లో కోబె విశ్వవిద్యాలయంలో యసుతోమి నిషిజుకా బృందం 1977లో పీకేసీని, ఆ తర్వాత రెండేళ్ళకు దానిపై డయాసిల్‌గ్లిసరాల్ ప్రభావాన్ని వెల్లడించింది. ఐపీ3 కాల్షియంను వదిలిస్తుందని 1983లో రుజువైంది. ఆ ప్రయోగం కూడా క్లోమ కణాల మీదే.

ప్రశ్న: హెచ్‌ఎల్-60 అనే రక్త క్యాన్సర్ కణాలకు పీఎంఏ అనే ఫోర్బాల్ ఎస్టర్ ఇచ్చి మాక్రోఫేజ్‌లుగా (ఒక రకం తెల్ల రక్తకణాలు) మార్చే ప్రాజెక్టు చేస్తున్నాను. మందు వేయని కంట్రోల్‌లో కూడా ఎన్‌బీటీ (కణాలు మారాయో లేదో చూపే రంగు పరీక్ష) నీలం వస్తోంది. పీకేసీని ఆపే మందు కలిపితే ఫలితం ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా ఉంటోంది. తప్పు ఎక్కడ? – ఎంఎస్సీ బయోటెక్నాలజీ విద్యార్థి, హైదరాబాద్

మీ కంట్రోల్‌లో డీఎంఎస్ఓ, అంటే పీఎంఏను కరిగించే ద్రావణి, ఎంత ఉందో ముందు లెక్క వేయండి. ఈ ప్రయోగంలో ఎక్కువమంది బోల్తాపడేది అక్కడే. హెచ్‌ఎల్-60 కణాలను గ్రాన్యులోసైట్లుగా (మరో రకం తెల్ల రక్తకణాలు) మార్చడానికి వాడే మందుల్లో డీఎంఎస్ఓ కూడా ఒకటి. 1.25 శాతం ఉంటే చాలు, 5 నుంచి 7 రోజుల్లో కణాలు మారిపోతాయి. మీరు 1 మి.లీ. కణాలకు 10 మైక్రోలీటర్ల పలచన స్టాకు పోస్తున్నారంటే అప్పటికే 1 శాతం వేసినట్టు. ఇక అది కంట్రోల్ కాదు, రెండో ప్రయోగం.

లెక్క ఇలా పెట్టుకోండి. పీఎంఏ అణుభారం 617. 1 మి.లీ. డీఎంఎస్ఓలో 1 మి.గ్రా. కరిగిస్తే 1.6 మిల్లీమోలార్ స్టాకు. దాన్ని మళ్ళీ డీఎంఎస్ఓలోనే వంద రెట్లు పలచన చేస్తే 16 మైక్రోమోలార్. ఇందులోంచి ప్రతి మి.లీ. కణాలకు 1 మైక్రోలీటరు వేస్తే 16 నానోమోలార్ పీఎంఏ, 0.1 శాతం డీఎంఎస్ఓ. ఆ 0.1 శాతం దాటొద్దు. కంట్రోల్‌కు కూడా సరిగ్గా అంతే డీఎంఎస్ఓ వేయాలి.

రెండో అనుమానం కణాల సాంద్రత. మి.లీ.కు 2 లక్షలతో మొదలుపెట్టి, 10 లక్షలు దాటకముందే పలచన చేయాలి. శని, ఆదివారాలు వదిలేసి సోమవారం చూస్తే మీడియం పసుపు పచ్చగా మారి ఉంటుంది. అలాంటి కణాల్లో తమంతట తాము మారేవి ఎక్కువవుతాయి. పాసేజ్‌లు బాగా పెరిగిన ఫ్లాస్కును పట్టుకుని వేలాడొద్దు, మొదట్లో ఫ్రీజ్ చేసిన వయల్ తీయండి. మైకోప్లాస్మా పరీక్ష కూడా చేయించండి.

మూడోది కొలిచే పద్ధతి. ఎన్‌బీటీ పరీక్షలో కణాలను ఉసిగొల్పడానికి వేసేది కూడా పీఎంఏనే, అప్పటికప్పుడు 20–30 నిమిషాలకు. ఈ పరీక్ష గ్రాన్యులోసైట్ల వైపు మారిన కణాలకు బాగా నప్పుతుంది. పీఎంఏతో వచ్చే మాక్రోఫేజ్ తరహా కణాలకు నమ్మదగిన గుర్తులు వేరు. 24–48 గంటల్లో ప్లేటుకు అతుక్కోవడం, విభజన ఆగిపోవడం, పైపొర మీద సీడీ11బి అనే ప్రొటీన్ పెరగడం, సోడియం ఫ్లోరైడ్ వేస్తే ఆగిపోయే నాన్‌స్పెసిఫిక్ ఎస్టరేజ్ అనే ఎంజైము కనిపించడం. అతుక్కున్నవీ తేలుతున్నవీ విడివిడిగా లెక్కపెట్టి శాతం రాయండి. "బాగా అతుక్కున్నాయి" అని నోట్‌బుక్‌లో రాస్తే రేపు మీకే ఉపయోగం ఉండదు.

ఇక ఫలితం అటూ ఇటూ ఊగడానికి కారణం పీఎంఏ స్వభావంలోనే ఉంది. అది కూడా డయాసిల్‌గ్లిసరాల్ కూర్చునే సీ1 భాగంలోనే కూర్చుంటుంది. 1982లో నిషిజుకా బృందం చూపించింది ఇదే. అయితే దాన్ని డయాసిల్‌గ్లిసరాల్ కైనేజ్ ముట్టుకోలేదు. నిమిషాల్లో తీరిపోవాల్సిన సంకేతం గంటల తరబడి సాగుతుంది. అలా తెరుచుకుని ఉన్న పీకేసీని కణం క్రమంగా నాశనం చేసేస్తుంది. మొదటి 15 నిమిషాల్లో పీఎంఏ పీకేసీని లేపుతుంది, రాత్రంతా ఉంచితే పీకేసీనే లేకుండా చేస్తుంది. ఒకే మందుకు రెండు ఎదురుబొదురు పనులు. మీరు ఆపే మందును ఏ గంటలో వేస్తున్నారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

కాబట్టి జీఎఫ్109203ఎక్స్ లాంటి నిరోధకాన్ని పీఎంఏకు 30–60 నిమిషాల ముందే వేయండి, 1 నుంచి 5 మైక్రోమోలార్ మధ్య. స్టారోస్పోరిన్ అయితే కనిపించిన కైనేజ్‌నల్లా ఆపుతుంది, దాని ఫలితం చూసి పీకేసీ పేరు రాయలేం. రాట్లెరిన్‌ను పీకేసీ డెల్టాకు ప్రత్యేకం అని పాత పత్రాల్లో రాశారు, ఆ మాట నిలబడలేదు. వెస్టర్న్ బ్లాట్ (ఒక ప్రొటీన్ ఎంత ఉందో చూపే పరీక్ష) వీలైతే 15 నిమిషాలకు ఒకసారి, 24 గంటలకు ఒకసారి కణాలు తీసి, పొర భాగంలో ఎంత, సైటోప్లాజంలో ఎంత అని చూడండి. మొదటి దాంట్లో పీకేసీ ఆల్ఫా పొరవైపు జరిగి ఉండాలి, రెండో దాంట్లో మొత్తంగా తగ్గి ఉండాలి. పీకేసీలో జీటా, అయోటా అనే రకాలు డయాసిల్‌గ్లిసరాల్‌కూ పీఎంఏకూ స్పందించవు. వాటి బ్యాండ్ మారలేదని కంగారు పడొద్దు. పీఎంఏకు పనిచేయని జంటగా 4-ఆల్ఫా ఫోర్బాల్ ఎస్టరుతో ఒక కంట్రోల్ పెడితే పరీక్షకుడు అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం.

పీఎంఏకు బదులు సహజానికి దగ్గరగా ఉండే డైఆక్టనాయిల్‌గ్లిసరాల్ వాడదామని కొందరు అనుకుంటారు. ఆలోచన మంచిదే. కాని కణం దాన్ని త్వరగా ఖర్చుపెట్టేస్తుంది, పదేపదే వేస్తూ ఉండాలి.

చివరగా, పీఎంఏ గడ్డలు పెంచే పదార్థం, డీఎంఎస్ఓ చర్మంలోంచి మందును లోపలికి మోసుకెళ్ళే ద్రావణి. చేతి తొడుగులు లేకుండా ఆ వయల్ తెరవొద్దు. స్టాకును వెలుతురు తగలకుండా మైనస్ 20 డిగ్రీల్లో ఉంచండి.

ప్రశ్న: మా పొలం గట్టున నేపాళం కంచె ఉంది. గింజలు క్యాన్సర్ తెస్తాయని విన్నాను. నిజమేనా? పిల్లలు తింటే? – రైతు, వనపర్తి జిల్లా

కంచెగా వేసేది చాలావరకు జట్రోఫా, అంటే అడవి ఆముదం. ఆయుర్వేదంలో శుద్ధి చేసి భేదిమందుగా వాడే క్రోటాన్ గింజ వేరు మొక్కది. నేపాళం అనే పేరు రెండింటికీ వాడుకలో ఉంది. పై జవాబులో చెప్పిన పీఎంఏ దొరికేది క్రోటాన్ నూనెలోనే. జట్రోఫా గింజల్లోనూ అదే కుటుంబానికి చెందిన ఫోర్బాల్ ఎస్టర్లు ఉన్నాయి.

క్యాన్సర్ మాట సగం నిజం. 1941లో బెరెన్‌బ్లమ్ ఎలుకల చర్మం మీద చేసిన ప్రయోగాల్లో, ముందుగా క్యాన్సర్ కారకం రాసి ఆ తర్వాత క్రోటాన్ నూనె పదేపదే పూస్తే గడ్డలు విపరీతంగా వచ్చాయి. నూనె సొంతంగా జన్యువును చెడగొట్టదు, అప్పటికే చెడిన కణాన్ని పెరగమని తొందరపెడుతుంది. కంచె పక్కన నడిచినంత మాత్రాన ఏమీ కాదు.

అసలు ప్రమాదం గింజలు తినడం. రుచికి వేరుశనగలా ఉంటాయి కాబట్టి పిల్లలు నాలుగైదు తినేస్తారు. కొన్ని గంటల్లోపే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించొద్దు. ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టిస్తూ దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, తిన్న గింజలు కొన్ని చేతిలో పట్టుకెళ్ళండి. నూనె తీశాక మిగిలే గింజల పిండిని పశువులకు పెట్టొద్దు. మామూలుగా ఉడకబెట్టినా ఫోర్బాల్ ఎస్టర్లు పోవు.

ప్రశ్న: ఒక పాపకు కంటి తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ ఉంది. విటమిన్ ఎ లోపం అన్నారు. విటమిన్ తక్కువైతే కంట్లో నురుగు ఎందుకు వస్తుంది? సిరప్ ఎప్పుడు, ఎంత పట్టాలి? – అంగన్‌వాడీ కార్యకర్త, పార్వతీపురం

దాన్ని బైటాట్ మచ్చ అంటారు. కణం తన దారి మార్చుకోవడాన్ని సూక్ష్మదర్శిని లేకుండా కంటితో చూడగలిగిన సందర్భాల్లో ఇదొకటి.

విటమిన్ ఎ కొవ్వులో కరిగే అణువు. కణంలో రెండు అంచెల్లో ఎంజైములు దాన్ని రెటినోయిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం కేంద్రకంలోని ఆర్‌ఏఆర్ అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది, గ్రాహకం నేరుగా డీఎన్ఏ మీద కూర్చుని ఏ జన్యువులు పలకాలో నిర్ణయిస్తుంది. కంటి తెల్లభాగం మీది పొరలో మూలకణాలకు ఈ సంకేతం అందితే వాటిలో కొన్ని జిగురు చేసే గోబ్లెట్ కణాలవుతాయి. అందకపోతే అవే కణాలు చర్మంలోలాగా కెరటిన్ నింపుకుని ఎండిపోతాయి. జిగురు లేదు, కన్నీరు నిలవదు. రాలిన కెరటిన్, దానిలో చేరిన బ్యాక్టీరియా కలిసి నురుగులా కనిపిస్తాయి. ఎలుకల్లో ఈ మార్పును వోల్‌బాక్, హోవ్ 1925లోనే శ్వాసనాళం, మూత్రాశయం లాంటి చోట్ల కూడా చూపించారు. విటమిన్ ఎ తక్కువైన పిల్లలకు విరేచనాలు, దగ్గు తీవ్రంగా రావడానికి ఇదొక కారణం.

మన జాతీయ కార్యక్రమం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అధ్యయనాల ఆధారంగా 1970లో మొదలైంది. ఇప్పటి మోతాదులు: 9 నెలలు నిండాక తట్టు టీకాతోపాటు 1 లక్ష యూనిట్లు, అంటే 1 మి.లీ. ఆ తర్వాత 5 ఏళ్ళు వచ్చేవరకు ఆరు నెలలకోసారి 2 లక్షలు, అంటే 2 మి.లీ. మొత్తం 9 మోతాదులు. సీసాతో వచ్చిన చెంచానే వాడండి. ఇంటి చెంచాకు కొలత లేదు. మూత తీసిన తేదీ సీసా మీద రాసి 6–8 వారాల్లో అయిపోగొట్టండి, ఎండ తగలనీయొద్దు.

మచ్చ కనిపించిన పాపది నివారణ మోతాదు కాదు, చికిత్స మోతాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఏడాది దాటిన పిల్లలకు వెంటనే 2 లక్షలు, మరుసటి రోజు 2 లక్షలు, రెండు వారాలకు మళ్ళీ 2 లక్షలు. ఇది వైద్యాధికారి చూసి ఇవ్వాలి. పాపను ఈ రోజే పంపండి. రేచీకటి ఉందా, నల్లగుడ్డు మసకబారిందా అని కూడా చూడమనండి. నల్లగుడ్డు మెత్తబడితే గంటలు కూడా విలువైనవే. పాత మచ్చలు కొన్ని మందు ఇచ్చినా పూర్తిగా పోవు, దానికని సిరప్ మళ్ళీ మళ్ళీ పట్టొద్దు. ఎక్కువైతే కాలేయంలో పేరుకుంటుంది.

ప్రశ్న: మా తమ్ముడికి ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్. కీమోకు ముందే 'విటమిన్ ఎ లాంటి గొట్టాలు' మొదలుపెట్టారు. విటమిన్‌తో క్యాన్సర్ తగ్గుతుందా? – పాఠకురాలు, విజయవాడ

తగ్గుతుంది, ఈ ఒక్క రకంలో. ఆ గొట్టాల్లో ఉన్నది ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ ఆమ్లం, పొట్టిగా ఆట్రా. పై జవాబులో చెప్పిన అణువే.

ఏపీఎల్‌లో 15, 17 క్రోమోజోములు ముక్కలు మార్చుకుని, ఆర్‌ఏఆర్ గ్రాహకం పీఎంఎల్ అనే మరో ప్రొటీన్‌తో అతుక్కుపోతుంది. అతుకుబడిన గ్రాహకం శరీరంలో మామూలుగా ఉండే రెటినోయిక్ ఆమ్లానికి కదలదు. జన్యువులను మూసిపెట్టే ప్రొటీన్లను వదలదు. కణం ప్రోమైలోసైట్ దశలో ఆగిపోయి పోగవుతుంది. మందుగా ఎక్కువ మోతాదు ఇస్తే పట్టు వదులుతుంది, కణం ఎదిగి న్యూట్రోఫిల్ అయి సహజంగా చనిపోతుంది. షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం 24 మంది రోగుల ఫలితాలను 1988లో ప్రచురించాక ప్రపంచమంతా వాడటం మొదలైంది. ఇప్పుడు తీవ్రత తక్కువగా ఉన్నవారికి ఆట్రాతో పాటు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ఇస్తారు, చాలామందికి మామూలు కీమో అవసరమే పడదు.

తొందరగా మొదలుపెట్టారంటే మీ డాక్టర్లు సరిగ్గా చేశారు. ఏపీఎల్‌లో మొదటి రోజుల్లో ప్రాణం తీసేది రక్తస్రావం. అందుకే అనుమానం రాగానే, జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆట్రా ఇస్తారు. మామూలు మోతాదు రోజుకు చదరపు మీటరుకు 45 మి.గ్రా., రెండు పూటలుగా, తిన్న తర్వాత.

మీరు కనిపెట్టాల్సినవి: జ్వరం, రెండు మూడు రోజుల్లో బరువు పెరగడం, కాళ్ళ వాపు, ఆయాసం. కణాలన్నీ ఒకేసారి ఎదగడం వల్ల వచ్చే డిఫరెన్సియేషన్ సిండ్రోమ్ ఇది. అనుమానం రాగానే డెక్సామెథసోన్ 10 మి.గ్రా. రోజుకు రెండుసార్లు సిరలోకి ఎక్కిస్తారు, పరీక్షల కోసం ఆగరు. రోజూ ఒకే సమయానికి బరువు తూచి రాసిపెట్టండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసక వచ్చినా వెంటనే చెప్పండి. ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్ లాంటి మందులు ఆట్రాను శరీరంలో పెంచుతాయి, బయట ఎవరు ఏ మాత్ర రాసినా క్యాన్సర్ డాక్టరుకు చూపించాకే వేయండి. మెడికల్ షాపులో దొరికే విటమిన్ ఎ గొట్టాలు దీనికి బదులు కావు.

ప్రశ్న: సెరమైడ్ కణాలను చంపుతుందని చదివాను. మరి సెరమైడ్ క్రీములు రాసుకోవచ్చా? – డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

నిరభ్యంతరంగా రాసుకోండి. మీరు చదివింది కణం లోపల, స్ఫింగోమైలిన్ అనే కొవ్వు తెగి పుట్టే సెరమైడ్ గురించి. అది ప్రొటీన్ ఫాస్ఫటేజ్ 2ఏ లాంటి ఎంజైములను లేపి, బతికించే సంకేతాలను ఆపుతుంది. అదే సెరమైడ్ ఇంకో రెండు ఎంజైముల చేతిలో పడి స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్‌గా మారితే ప్రభావం తారుమారై, కణం పెరుగుదలకు తోడ్పడుతుంది.

క్రీములోది చేరేది చర్మం పైన ఉన్న చచ్చిన పొరలోకి. అక్కడ చంపడానికి బతికున్న కణమే లేదు. ఆ పొరలోని కొవ్వులో బరువును బట్టి సగం సెరమైడే, పావువంతు కొలెస్టరాల్, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. ఈ మూడూ కలిసి నీరు బయటికి పోకుండా ఆపుతాయి. మూడింటిలో ఒక్కదాన్నే రాస్తే దెబ్బతిన్న చర్మం కోలుకోవడం ఆలస్యమైందని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి సీసా మీద సెరమైడ్ అనే పెద్ద అక్షరాలకు మురిసిపోకుండా, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కూడా ఉన్నాయా అని వెనక చూడండి. స్నానం చేసి తడి ఆరకముందే రాయాలి. చేతిలో అంత డబ్బు లేకపోతే పెట్రోలియం జెల్లీ తక్కువదేమీ కాదు.

ప్రశ్న: పయోగ్లిటజోన్ మొదలుపెట్టాక షుగర్ తగ్గింది, బరువు మూడు కిలోలు పెరిగింది. కొవ్వు పెరిగితే షుగర్ తగ్గడం ఏమిటి? – రిటైర్డ్ ఉద్యోగి, అనంతపురం

కొవ్వు ఎక్కడ ఉందన్నదే ఇక్కడ తేడా. కేంద్రకంలో పీపార్-గామా అనే గ్రాహకం ఉంది. మామూలుగా కొవ్వు ఆమ్లాల వంటివి దాన్ని కదిలిస్తాయి, మీ మాత్ర గట్టిగా కదిలిస్తుంది. అప్పుడు చర్మం కింద ఉన్న పూర్వకణాలు కొత్త కొవ్వు కణాలుగా మారి, రక్తంలో తిరిగే కొవ్వును తమలోకి తీసుకుంటాయి. కాలేయంలో, కండరంలో చేరాల్సిన కొవ్వు తగ్గుతుంది. అక్కడ డయాసిల్‌గ్లిసరాల్ పేరుకుంటే పీకేసీలో కొన్ని రకాలు ఇన్సులిన్ సంకేతానికి అడ్డుపడతాయన్నది ఒక బలమైన వివరణ. కణాలు కొత్తగా తయారు కావాలి కాబట్టే ఈ మాత్ర పూర్తి ఫలితానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది.

బరువంతా కొవ్వు కాదు, కొంత నీరు. చీలమండ ఎముక పక్కన వేలితో నొక్కి గుంట పడుతోందా చూడండి. వాపు, ఆయాసం ఉంటే మాత్ర ఆపే విషయం డాక్టరుతో వెంటనే మాట్లాడండి. గుండె వైఫల్యం ఉన్నవారు దీన్ని వాడకూడదు. మూత్రంలో రక్తం కనిపించినా చెప్పాలి. మూత్రాశయ క్యాన్సర్ భయంతోనే 2013 జూన్‌లో మన దేశంలో దీన్ని ఆపి, జూలైలో హెచ్చరికతో మళ్ళీ అనుమతించారు.

ప్రశ్న: కణాల లిపిడ్లు తీసి భాస్వరం కొలుస్తున్నాం. ఏమీ లేని బ్లాంక్ గొట్టం కూడా నీలంగా మారుతోంది. – ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ

మీ గోదావరి జిల్లాల మనిషి పద్ధతే ఇది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన రంగు పరీక్ష నుంచే మీరు చేస్తున్న ఫాస్ఫోలిపిడ్ కొలత వచ్చింది. భాస్వరం మాలిబ్డేట్‌తో కలిసి, క్షయకరణంతో నీలం అవుతుంది.

బ్లాంక్ నీలానికి మూడు కారణాలు చూడండి. ఒకటి, గొట్టాలను బట్టల సబ్బు పొడితో కడగడం. అందులో ఫాస్ఫేట్ ఉంటుంది. ఈ పనికి గొట్టాలు విడిగా పెట్టుకుని, పలచని ఆమ్లంలో నానబెట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. రెండు, లిపిడ్ తీసేటప్పుడు పై పొరలోని పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పు ద్రావణం) చుక్క కిందికి రావడం. కణాలను చివరిసారి ఫాస్ఫేట్ లేని ఉప్పు ద్రావణంతో కడగండి. మూడోది ఎక్కువమందికి తట్టదు. కాల్చేటప్పుడు పర్‌క్లోరిక్ ఆమ్లం ఆవిరైపోతే ఆమ్లత తగ్గుతుంది, అప్పుడు భాస్వరం లేకపోయినా మాలిబ్డేట్ తనే నీలమవుతుంది. గొట్టం మూతి మీద గాజు గోళీ పెడితే ఆమ్లం లోపలే తిరుగుతుంది.

వరస ఇది. 0.8 మి.లీ. కణ ద్రవానికి 2 మి.లీ. మెథనాల్, 1 మి.లీ. క్లోరోఫాం కలిపితే ఒకే ద్రవంగా ఉండాలి. 10 నిమిషాల తర్వాత 1 మి.లీ. క్లోరోఫాం, 1 మి.లీ. నీరు కలిపి సెంట్రిఫ్యూజ్ చేస్తే రెండు పొరలవుతాయి. కింది పొరను గాజు పిపెట్‌తో తీయండి, ప్లాస్టిక్ వద్దు, క్లోరోఫాం దాన్ని కరిగించి తెస్తుంది. నైట్రోజన్ కింద పూర్తిగా ఆరబెట్టండి. ద్రావణి మిగిలి ఉండగా వేడి పర్‌క్లోరిక్ ఆమ్లం పోస్తే పేలవచ్చు. పొగగూడు, కళ్ళద్దాలు తప్పనిసరి. 0.65 మి.లీ. 70 శాతం పర్‌క్లోరిక్ ఆమ్లంతో 180 డిగ్రీల దగ్గర పసుపు రంగు పోయేదాకా, సుమారు అరగంట నుంచి గంట కాల్చండి. చల్లారాక 3.3 మి.లీ. నీరు, 0.5 మి.లీ. 2.5 శాతం అమ్మోనియం మాలిబ్డేట్, 0.5 మి.లీ. అప్పుడే కలిపిన 10 శాతం ఆస్కార్బిక్ ఆమ్లం వేసి, మరిగే నీళ్ళలో 5 నిమిషాలు ఉంచి, 800 నానోమీటర్ల దగ్గర చదవండి. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌తో 0 నుంచి 100 నానోమోల్ వరకు ప్రమాణ గీత వేసుకోండి. ఆ గొట్టాలను కూడా నమూనాతో పాటే కాల్చాలి.

వచ్చిన అంకె మొత్తం ఫాస్ఫోలిపిడ్‌ది. డయాసిల్‌గ్లిసరాల్‌లో, సెరమైడ్‌లో భాస్వరం లేదు, అవి ఇందులో కనిపించవు. వాటిని కొలవాలంటే ఈ.కొలై నుంచి తీసిన డయాసిల్‌గ్లిసరాల్ కైనేజ్‌తో రేడియోధార్మిక ఫాస్ఫేట్ తగిలించి టీఎల్‌సీ (పలచని పొర క్రొమటోగ్రఫీ) పలక మీద విడదీయాలి, లేదా మాస్ స్పెక్ట్రోమీటరు ఉన్న ల్యాబుకు పంపాలి. ఏ పద్ధతైనా, ఫలితాన్ని ఈ భాస్వరం అంకెతో భాగించి నానోమోల్ ఫాస్ఫోలిపిడ్‌కు ఇంత అని రాయండి. పీఐపీ3 (పీఐపీ2కు ఇంకో ఫాస్ఫేట్ చేరినది) కోసమైతే ఈ మామూలు ద్రావణితో రాదు, ఆమ్లం కలిపిన క్లోరోఫాం–మెథనాల్ వాడాలి, కణాలను ముందుగా మంచులో చల్లార్చిన టీసీఏతో (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం) ఆపాలి.